తునికి చేవ అంచు

పోలీస్ స్టేషన్ మెట్ల మీద ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో టిఫిన్ డబ్బా. మూత తీసినట్టు లేదు. ప్రేమ్‌సాగర్ ఆమెను చూడనట్టే దాటిపోదామనుకున్నాడు. చూపు తప్పించుకోవచ్చు గాని మాట తప్పించుకోవడం ఎవడి తరం?

"నా కొడుకును పట్టిచ్చింది నువ్వేనా బిడ్డా?"

ఆగాడు. సారయ్య తల్లి పోచవ్వ. నిన్న కొడుకును జీపు ఎక్కిస్తుంటే వాకిట్లో నిలబడి చూసింది ఈమే.

"నేనే అవ్వా."

పోచవ్వ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"చిన్నగున్నప్పుడు ఎడమ చేత్తోని తింటుండని వాతలు వెట్టిన. కట్టెతోని కొట్టిన. కుడిచెయ్యికి మళ్లలే. ఏడుస్తుండని ఇడిసిపెట్టిన. ఇంకో నాలుగు దెబ్బలు కొట్టి మలిపితే గిప్పుడు గీ గతి లేకపోవు. తప్పు నాదే గని నీది కాదు బిడ్డా. నువ్వు లోపటికి పో."

ప్రేమ్‌సాగర్ లోపలికి పోయాడు. ముప్ఫై ఏళ్ల పోలీసు ఉద్యోగంలో ఎన్ని మెట్లు ఎక్కాడో లెక్కలేదు. ఇంత బరువైన మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు.

నాలుగు రోజుల కిందట హుజూరాబాద్‌లో లింగమూర్తిని చంపారు. ఇంటి ప్లాన్లు, ప్లాట్ల లేఅవుట్లు గీసే మనిషి. ఊరంతా కంప్యూటర్లు వచ్చినా ఆయన మాత్రం డ్రాయింగ్ బోర్డు వదల్లేదు. తెల్లారి ఊడవడానికి వచ్చిన యాదవ్వ తలుపు తీసేసరికి బోర్డు మీదికి వాలి ఉన్నాడు. చెవి కింద పక్కపక్కన రెండు పోట్లు. కంపాస్ పెట్టెలో డివైడర్ గాడి ఖాళీ. రెండు కాళ్లకూ రెండు సూదిమొనలుండే ఆ డివైడర్‌తోనే పొడిచారని పోట్ల ఎడం కొలిచి డాక్టరు చెప్పాడు. డివైడర్ మాత్రం దొరకలేదు.

లింగమూర్తి అన్న కొడుకు రాకేశ్ కరీంనగర్ పోయి ప్రేమ్‌సాగర్ కాళ్ల మీద పడ్డాడు. రిటైరయ్యాక డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న ప్రేమ్‌సాగర్ నిన్న పొద్దున వచ్చాడు, గదంతా చూశాడు, మధ్యాహ్నానికల్లా తేల్చేశాడు. బోర్డుకు టీ-స్క్వేర్ కుడి అంచున తగిలించి ఉంది. టీ అక్షరంలాగ ఉండే ఆ పొడవాటి చెక్క తలను కుడిచేతి వాళ్లెవరైనా ఎడమ అంచుకు ఆనించి గీతలు గీస్తారు. కుడి అంచున తగిలించేది ఎడమచేతి వాడే. ఆ ఆఫీసులో ఎడమచేతి వాడు ఒక్కడే, లింగమూర్తి దగ్గర పని నేర్చుకుని ఆయన పక్కనే, అదే బోర్డు మీద పనిచేస్తున్న సారయ్య. ఆ సాయంత్రం ఆఫీసుకు పోలేదని సారయ్య చెప్పిన మాట అబద్ధమని తేలిపోయింది.

అందరూ శభాష్ అన్నారు. ప్రేమ్‌సాగర్ కూడా లోపల శభాష్ అనుకున్నాడు. తాను తేల్చింది రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. రాత్రి పడుకున్నాక మాత్రం ఎక్కడో చెప్పులో రాయిలాగ ఏదో గుచ్చింది. ఏమిటో అంతుపట్టలేదు. తెల్లారగానే బస్సెక్కి మళ్లీ వచ్చాడు.

"వచ్చిండ్రా డిటెక్టివ్ సారూ!" సీఐ సాయిచంద్ కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు. ఒకప్పుడు ప్రేమ్‌సాగర్ కింద ఎస్సైగా చేసినవాడు. అప్పుడు పడ్డ చీవాట్లు ఇంకా మరిచిపోలేదు. "పప్పు మీరే ఉడికిచ్చిండ్రు. నేను పోపు వెట్టిన, అంతే. అన్నం తిన్నంక బండెక్కిస్త. కోర్టుకు, ఆడికెళ్లి జైలుకు."

"ఒక్కసారి వాన్ని చూస్త."

"చూడుండ్రి. మీ చేతి వంటే గద."

సారయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. వేళ్ల సందుల్లో నల్ల ఇంకు. నిన్న దాన్ని కూడా రుజువు కిందే రాసుకున్నారు. చచ్చినాయన పక్కన ఇంకు సీసా బోర్లపడి ఉంది మరి. ప్లాన్లు గీసేవాడి వేళ్లకు ఇంకు అంటదా అని ఎవరూ అడగలేదు. ప్రేమ్‌సాగర్ కూడా అడగలేదు.

"గా దినం పొద్దుమీకి ఎక్కడున్నవ్ సారయ్యా? నిజం చెప్పు."

"నిన్ననే జెప్పిన గదా. మీరు ఇనలే."

"ఇప్పుడు ఇంట."

"కంప్యూటర్ సెంటర్ల. ప్లాన్లు కంప్యూటర్ మీద గీసుడు నేర్చుకుంటున్న. సార్‌కు తెల్వద్దని ఆడ నా పేరు రాసుకోవద్దన్న. గిప్పుడు సీఐ సార్ పోయి అడిగితే సెంటర్ ఆయన పోలీసోళ్లకు భయపడి, గసొంటోడు మా దగ్గరికి రాలే అన్నడు. నేను తవ్వుకున్న బొందల నేనే పడ్డ."

"లింగమూర్తికి ఎందుకు తెల్వద్దు?"

"ఎందుకంటె? పదిహేనేండ్లు చెయ్యి వట్టి నేర్పిండు. పెన్సిల్ చెక్కుడు నేర్పిండు, ఇంకు గుంజుడు నేర్పిండు. ఆయన అన్నం దిని ఆయన పనిని ముంచే మిషన్ నేర్చుకుంటున్నని ఏ ముఖం వెట్టుకోని చెప్పాలె సార్?" వేళ్ల ఇంకును చొక్కాకు రుద్దుకున్నాడు. "గా దినం నేను ఆడ ఉంటే ఎవడన్న వచ్చి పొడుస్తుండెనా? నేను లేను గనకనే సచ్చిండు. జైలుకు పంపుతె పంపుండ్రి. నాకేం ఫికర్ లేదు."

ప్రేమ్‌సాగర్ వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "డివైడర్ ఎక్కడుంటదో నీకు తెల్సా?"

"పెట్టెల. సార్ దాన్ని ఎవలనూ ముట్టనియ్యడు. కీలు బిగుతు. ఎంత ఎడం వెట్టి ఇడిస్తే గంతే ఉంటది. స్క్రూ తిప్పితే తప్ప జరుగది." అంటూనే సారయ్య తలెత్తాడు. "నిన్నటి సంది ఒక్క మాట అడుగుదామనుకుంటున్న. నేను గూసోని గీస్తున్న అన్నరు గదా. గప్పుడు బోర్డుకు చేవ ఎటు దిక్కుండె?"

"ఏం చేవ?"

సారయ్య ప్రేమ్‌సాగర్ ముఖంలోకి చూశాడు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియని ముఖం పెట్టాడు. "పోయి సూడుండ్రి" అని గోడ వైపు తిరిగాడు.

సీల్ తీయడానికి సాయిచంద్ స్వయంగా వచ్చాడు. వేడుక చూసే మనిషిలాగ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. గది నిన్న ఉన్నట్టే ఉంది. వాలు బల్ల మీద బోర్డు. బోర్డుకు కుడి అంచున టీ-స్క్వేర్. మీద సగం గీసిన ప్లాను, దాన్ని ముంచిన ఇంకు మరక. ఇంకు బోర్డు కింది అంచు మీదుగా కారి నేల మీద చుక్కలుగా ఎండిపోయింది. మరక కింద చుక్కలు, చుక్కల పైన మరక. అంటే చావు తరువాత బోర్డును ఎవరూ కదల్చలేదు.

ప్రేమ్‌సాగర్ వంగి అంచులు చూశాడు. ఎడమ అంచు పొడవునా వేలెడు వెడల్పున నల్లటి పట్టీ పొదిగి ఉంది. నిన్న చూశాడు. సోకుకు పెట్టుకున్నారనుకున్నాడు. ఇప్పుడు వేలితో రుద్ది చూశాడు. తునికి చేవ. ఆదిలాబాద్ అడవుల్లో తునికి మాను లోపలి నల్లకర్ర, ఇనుములాగ గట్టిది. ఏళ్ల తరబడి రాపిడికి గాజులాగ నున్నబడింది. కుడి అంచు మామూలు చెక్క. చాకు గాట్లు, పిన్నుల పోట్లు. ఒకచోట పెచ్చు లేచిపోయింది.

స్టూలు మీద కూర్చున్నాడు. ఒక తెల్లకాగితం పిన్నులతో కొట్టాడు. టీ-స్క్వేర్‌ను ఉన్నచోటే, కుడి అంచునే ఉంచి ఒక గీత గీశాడు. జరిపి ఇంకొకటి గీశాడు. జరుపుతుంటే దాని తల గాట్లలో పడి కదిలిన పన్నులాగ ఊగింది. మూడో గీత గీసేసరికి చూడగానే తెలిసిపోయింది. గీతలు ఒకవైపు దగ్గరకొచ్చాయి, ఒకవైపు విడిపోయాయి.

ఎడమకు మార్చి చేవ అంచుకు ఆనించాడు. వెన్న మీద కత్తి జారినట్టు జారింది. ఎన్ని గీసినా గీతకూ గీతకూ ఎడం ఒక్కటే.

"ఏంది సార్, గీ వయసుల డ్రాయింగ్ నేర్చుకుంటున్నరా?" అన్నాడు సాయిచంద్.

"ఇటు రా. ఈ మూల సూడు."

బోర్డు పై మూల చెక్క మీద పెన్సిల్‌తో చిల్లర కూడికలు రాసి ఉన్నాయి. అన్నీ తలకిందులుగా.

"గివి సారయ్యవి. వాడు కూర్చున్నప్పుడు బోర్డును కింద మీద తిప్పుకుంటడు. తిప్పితే చేవ అంచు వాని కుడి దిక్కుకు వస్తది. అప్పుడే వాని టీ-స్క్వేర్ సాఫుగ నడుస్తది. గా దినం బోర్డు తిప్పి లేదు. చేవ ఎడమకే ఉన్నది. టీ-స్క్వేర్ మాత్రం గీ గాట్ల అంచుకు తగిలిచ్చిండ్రు. పదిహేనేండ్ల పనోడు గీడ ఒక్క గీత కూడ గీయడు సాయిచంద్. సారయ్య గాదు."

"హడావిడిల తిప్పుకోలేదేమో."

"గీయనీకి గాకపోతె తగిలిచ్చుడు ఎందుకు? గా గోడ సూడు."

బల్లకు ఎదురుగా గోడకు ఒక మేకు. మేకు కింద సున్నం మీద టీ ఆకారంలో తెల్లటి అచ్చు. చుట్టూ ఏళ్ల దుమ్ము, ఆ అచ్చు మేర మాత్రం శుభ్రం.

"పనైనంక దీన్ని ఆడ వేలాడదీసేది. బోర్డు మీద ఇడిస్తే చెక్క వంకర పోతది. గట్ల ఏలాడేది తీసి, ఆయనను పొడిచినంక, గీడ తగిలిచ్చిండ్రు. సారయ్యది ఎడమచెయ్యని తెలిసినోడు. బొమ్మ గీసుడు మాత్రం తెల్వనోడు."

సాయిచంద్ ముఖంలో నవ్వు పోయింది, పంతం వచ్చింది. "నిన్న ఎడమ అన్నవ్. నేడు కుడి అంటున్నవ్. రేపు నడుమ అంటవా? సంతకం వెట్టింది ఎవలు? నేనా? మేజిస్ట్రేట్ ముంగట ఏమని చెప్పాలె? గా పెద్దాయనకు నిద్ర పట్టలేదట, ముద్దాయిని ఇడువుండ్రి అని చెప్పాలెనా?"

"తప్పు నాదే. నా పేరు చెప్పు. నన్నే తిట్టుమను. వాన్ని మాత్రం బండెక్కియ్యకు."

"నన్ను తిట్టినప్పుడు గీ తప్పులు యాదికి రాలే?" సాయిచంద్ గొంతు పెరిగింది. "ఏమన్నవ్ గప్పుడు? కండ్లు నెత్తిమీదున్నయా అన్నవ్. పది మంది ముంగట."

"అన్న."

"గిప్పుడు నీ కండ్లు ఏడున్నయ్ మరి?"

ప్రేమ్‌సాగర్ బోర్డు అంచు మీద చెయ్యి ఆనించి, "చంపినోడు టీ-స్క్వేర్‌ను నాకోసమే తగిలిచ్చిండు. నేను చూసి పట్టుకుంటనని" అన్నాడు.

"నీకోసమా?" సాయిచంద్ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. "నువ్వేమన్న గవర్నర్‌వా? నువ్వు గీడికి వస్తవని ఎవనికి తెల్సు? రాకేశ్ పోయి పిలిస్తెనే గద వచ్చినవ్! తాళం గీడ వెడ్తున్న. ఆ పిలగాడు చిన్నబాపు ఫొటో కావాలన్నడు దినాలకు, వస్తడు. ఇచ్చి స్టేషన్‌ల తాళమియ్యి. నేను పోయి బండి చెప్త."

బూట్ల చప్పుడు దూరమైంది.

ప్రేమ్‌సాగర్ స్టూలు మీదే ఉండిపోయాడు. సాయిచంద్ ఎగతాళికి విసిరిన మాట వచ్చి గుండెలో దిగింది. తాను వస్తాడని ముందే తెలిసినవాడు ఒక్కడే. పిలిచినవాడు. నిన్న పొద్దున ఈ గుమ్మంలో టీ గ్లాసు చేతికిస్తూ రాకేశ్ అన్న మాట గుర్తొచ్చింది. "మా చిన్నబాపుది కుడిచెయ్యి సార్. సారయ్య ఒక్కడే ఎడమచేతోడు." తాను అడగలేదు. వాడే చెప్పాడు. ఆ తరువాతే తన కన్ను టీ-స్క్వేర్ మీద పడింది.

టీ-స్క్వేర్‌కు పెన్సిల్ ఆనించినట్టు తనను ఆనించి రాకేశ్ గీత గీశాడు. తాను ఇటూ అటూ కదలకుండా చెప్పినచోటికే పోయాడు. చంపిన పొద్దు జైనూర్‌లో ఉన్నానని రాకేశ్ అంటే ఊఁ కొట్టాడు. కేసు అప్పజెప్పినవాణ్ని ఎవడు అనుమానిస్తాడు? పైగా నిన్న సాయంత్రం వాడి భుజం తట్టి చెప్పాడు కూడా. "డివైడర్ దొరికితే కేసుకు తిరుగుండదు రాకేశ్."

బయట మోటారు సైకిల్ ఆగింది.

ప్రేమ్‌సాగర్ సెల్‌ఫోన్ తీశాడు. సాయిచంద్ నంబరు నొక్కాడు. అవతల ఎత్తిన చప్పుడు వినగానే ఏమీ మాట్లాడకుండా స్పీకర్ పెట్టి ట్రేసింగ్ కాగితాల కింద దోపాడు.

"నమస్తే సార్." రాకేశ్ చేతిసంచితో లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, గడ్డం గీసుకోని ముఖం. దుఃఖంలో ఉన్న మనిషి ఎట్లా ఉండాలో అట్లాగే ఉన్నాడు. "మళ్ల వచ్చిండ్రట. ఏమన్న పరేషానా?"

"ఏం లేదు. ఫొటో కావాలన్నవట. అగో, గోడకున్నది."

"తీసుకుంట సార్."

ఫొటో కుడి గోడకు ఉంది. రాకేశ్ ఎడమ వైపు నుంచి చుట్టు తిరిగి పోయాడు. ఎడమ వైపు సారయ్య తన సామాను పెట్టుకునే చిన్న బల్ల. బల్ల సొరుగు దగ్గర చెప్పు సరిచేసుకునేవాడిలాగ వంగాడు. సంచి ముందుకు జరిగింది.

"రాకేశ్."

నిటారుగా లేచాడు.

"సర్పంచ్ ఎలక్షన్‌ల ఓటేసినవా?"

"ఏసిన సార్. మొన్ననే. ఎందుకు?"

"నిన్న నువ్వు టీ ఇచ్చినప్పుడు చూసిన. గోరు పక్కన నల్లగున్నది. ఊరూర ఎలక్షన్లు నడుస్తున్నయ్, ఓటు సిరా అనుకున్న."

"అవును సార్, గదే."

"ఓటు సిరా ఎడమచేతి చూపుడువేలుకు పెడ్తరు రాకేశ్. నీది కుడిచేతి బొటనవేలుకున్నది."

రాకేశ్ తన చెయ్యి చూసుకోలేదు. పిడికిలి మూశాడు, అంతే.

"ప్లాన్లు గీసే ఇంకు. ఆరినంక నీళ్లకు పోదు. నిన్న గుమ్మంల నిలబడి, నేను గీ గదిల కాలు వెట్టలే, చిన్నబాపును గట్ల చూడలేను అన్నవ్. మరి ఇంకెట్ల అంటింది? నేను ఎడమచేతోన్ని దేవులాడుకుంట నీ కుడిచెయ్యి చూడలే. ఎందుకు చంపినవ్ రాకేశ్?"

రాకేశ్ నింపాదిగా వెళ్లి తలుపు మూశాడు. గొళ్లెం పెట్టాడు. తిరిగి వచ్చేసరికి ముఖంలో దుఃఖం లేదు. అదొక్కటే బయట విడిచి వచ్చినట్టున్నాడు.

"ఒక్క గీత సార్. నా వెంచర్ మూలకు కుంట ఉన్నది. కుంట గీతను జర అవతలికి జరుపు చిన్నబాపూ, ఆరు ప్లాట్లు మిగుల్తయ్ అన్న. జరుపనన్నడు. కాళ్లు మొక్కిన. గా కుంటల నీళ్లున్నయ్‌రా, నీళ్లను కాగితం మీద ఎట్ల తుడువాలె అన్నడు. చేతిల గా డివైడర్ వట్టుకోని ఎడం కొలుచుకుంట, నా దిక్కు సూడను గూడ సూడలే." ఊపిరి తీసుకున్నాడు. "గుంజుకున్న. అంతే. గంతల్నే అయిపోయింది."

"సారయ్య ఏం జేసిండు నిన్ను?"

"ఏం జెయ్యలే. ఎవడో ఒకడు కావాలె గదా." సంచిలో చెయ్యి పెట్టాడు. "మీరు తెలివిగల్లోళ్లని పిలిచిన సార్. పోలీసోళ్లకైతే టీ-స్క్వేర్ ఏందో గూడ తెల్వది. మీరే రుజువు చేసిండ్రు, మీరే సంతకం వెట్టిండ్రు. గిప్పుడు మీరే కాదంటే ఎవడు నమ్ముతడు?"

"నమ్మకపోతే పోనీ. నేను తప్పు చేసిన అని కోర్టుల నిలబడి చెప్త."

"చెప్పనియ్య సార్."

బయటికి తీసినదానికి చుట్టిన చేతిరుమాలు జారిపడింది. డివైడర్ రెండు మొనలూ వెలుతుర్లో మెరిశాయి. చిటికెనవేలు గోరంత ఎడంగా, ముసలాయన చివరిసారి కొలుచుకున్నంత ఎడంగా, అట్లాగే బిగుసుకుని ఉన్నాయి.

ప్రేమ్‌సాగర్ కాళ్లు మునుపటివి కావు. తలుపు రాకేశ్ వెనక ఉంది. చేతికి దొరికింది ఒక్కటే.

కాగితాల కింది నుంచి సాయిచంద్ గొంతు అరిచింది. "అన్నా! బోర్డు అడ్డం వెట్టుకో! అన్నా!"

ఉద్యోగంలో ఉన్నన్ని రోజులూ సార్ అన్నాడు, నిన్నటి నుంచి సారూ అని దెప్పాడు. అన్నా అనడం ఇదే మొదలు. రాకేశ్ ఉలిక్కిపడి కాగితాల వైపు చూశాడు. ఆ రెప్పపాటులో ప్రేమ్‌సాగర్ బల్ల మీంచి బోర్డును ఎత్తి ఎదురుగా పట్టాడు. దెబ్బ వచ్చి తగిలింది. భుజాలు అదిరాయి. వీపు గోడకు కొట్టుకుంది. ముఖం ముందు చెక్క టక్కుమంది. మొనలు దిగబడ్డాయి.

"సారయ్యను బండి దించిన! వస్తున్న, నడిబజార్ల ఉన్న! ఇడువకు అన్నా!"

అవతల రాకేశ్ మూలుగుతూ డివైడర్‌ను గుంజుతున్నాడు. బోర్డు ఊగుతోంది. ప్రేమ్‌సాగర్‌కు మెట్ల మీద పోచవ్వ కనబడింది. మూత తీయని డబ్బా కనబడింది. ఎడమ చెయ్యి తప్పు కాదవ్వా అని ఆమెకు చెప్పాలి. తాను చెప్పలేకపోయినా ఈ బోర్డు చెబుతుంది. దీనికి పడ్డ రెండు చిల్లుల ఎడం, లింగమూర్తి మెడ మీద డాక్టరు కొలిచిన ఎడం ఒక్కటే. ఆ చిల్లుల మీద ఎవడి సంతకమూ అక్కర్లేదు. తాను ఉన్నా పోయినా సారయ్య ఇంటికి పోతాడు.

కిర్రుమని చప్పుడైంది. మొనలు చెక్కలోంచి ఊడివచ్చాయి.

ప్రేమ్‌సాగర్ బోర్డును ఛాతీకి హత్తుకుని తల దించాడు. తునికి చేవ అంచు గడ్డం కింద చల్లగా తగిలింది.